లంకెబిందెలూ – లోహశోధినీ

లంకెబిందెల కథ లేని ఊరు కృష్ణా జిల్లాలో ఉంటుందని నేననుకోను. మా కోడూరు వైపైతే ఊరికి రెండేసి కథలు. ఒకటి రావిచెట్టు కింద, ఒకటి పాడుబడ్డ బావిలో. రెండిటికీ పాము కాపలా. బందరు వచ్చి చదువుకుంటున్నాను కదా, పట్నంలో ఇలాంటివి ఉండవనుకున్నాను. ఇక్కడా అవే. కాకపోతే పాముకి బదులు డచ్చివాడి దయ్యం! 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు ఈ రేవులో వర్తకపు కొట్లు పెట్టారన్నది చరిత్ర. పోతూ పోతూ బందరుకోటలో బంగారం పాతిపెట్టి పోయారన్నది మా హాస్టలు వంటాయన పరిశోధన. వర్తకానికి వచ్చినవాడు బంగారం పట్టుకుపోతాడు గాని పాతిపెట్టి పోతాడా అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు, నమ్మకం మాత్రం ఉంది.

ఈ నమ్మకం చేతికి ఇప్పుడొక యంత్రం దొరికింది. అదే మెటల్ డిటెక్టరు. మన పాఠ్యపుస్తకాల భాషలో లోహశోధిని. ఎంట్రన్సు పరీక్షల గుమ్మం దగ్గర మనందరి ఒంటి మీదా తిరిగిన నల్లకర్ర దీని తమ్ముడే. దాన్ని చూసి భయపడ్డాం గాని అది ఎలా పనిచేస్తుందని ఎవరమూ అడగలేదు. ఫారడే సూత్రం, లెంజ్ సూత్రం కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్న మనం, ఆ రెండు సూత్రాలూ చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడ్డ గార్డుని చూసి చేతులెత్తి నిలబడ్డాం. నాతో కలిపే అంటున్నాను.

పోయిన వేసవిలో ఆ యంత్రాన్ని నేను మూడు వారాలు వాడాను. ఆ అనుభవం వల్ల నాకొక అభిప్రాయం ఏర్పడింది. అది మన లెక్చరర్లకీ, పాత విద్యార్థులకీ, ముఖ్యంగా నాలాగా పొలాల నుంచి వచ్చిన మిత్రులకీ చెప్పుకోవాలని ఈ వ్యాసం.

సంగతి ఇలా మొదలైంది. మార్చిలో మినుము పీకేటప్పుడు మా అమ్మ పుస్తెల్లో ఒకటి జారి పడిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గాని చూసుకోలేదు. మా నేల ఎండాకాలం నెర్రెలిస్తుంది. చెయ్యి మోచేతి దాకా దూరే నెర్రెలు. పుస్తె వాటిలో పడిందంటే ఇక అంతే అన్నారు అందరూ. నాయనమ్మ పసుపుకొమ్ము కట్టింది. నాన్న "పోతే పోయింది, పంట డబ్బులొస్తే చేయిద్దాం" అన్నాడు. పంట డబ్బులొచ్చాక అవి ఎక్కడికి పోతాయో కౌలు రైతు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మ ఏమీ అనలేదు. కాని రోజూ పొలం వెళ్ళినప్పుడు వంగి చూస్తూ నడిచేది. అది చూడలేకపోయాను.

పక్క ఊళ్ళో నలుగురు కలిసి లంకెబిందెల కోసం చందాలేసుకుని ఒక డిటెక్టరు కొన్నారని, ఏడాదిపాటు అమావాస్య అమావాస్యకీ తిరిగి చివరికి అటక మీద పడేశారని తెలిసింది. వెళ్ళి అడిగాను. "నీకేమన్నా దొరికితే మాకూ వాటా" అన్న షరతు మీద ఇచ్చారు. సంచి విప్పితే గుడ్డలో చుట్టిన కాగితం, అందులో కుంకం, నిమ్మకాయ తొక్క. బ్యాటరీలు మాత్రం కారిపోయి తుప్పు పట్టి ఉన్నాయి. యంత్రానికి పూజ చేశారు గాని బ్యాటరీలు తీసిపెట్టాలని ఎవరికీ తోచలేదు! నిలవ పెట్టే ఏ యంత్రానికైనా ముందు బ్యాటరీలు తీసెయ్యాలి. ఉప్పుకాగితంతో కొనలు గీకి కొత్తవి వేస్తే ప్రాణం వచ్చింది.

ఇందులో ఉన్నది పెద్ద మాయేమీ కాదు. కింద పళ్ళెంలా ఉండే భాగంలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకదానిలో సెకనుకి కొన్ని వేలసార్లు దిశ మార్చుకునే కరెంటు పారుతుంది. రెండోది వినడానికి. మొదటి చుట్ట అయస్కాంత క్షేత్రం రెండోదాని మీద పనిచెయ్యకుండా, రెండిటినీ ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి సరిగ్గా తూచినట్టు అమరుస్తారు. అంటే మామూలుగా రెండో చుట్టకి ఏమీ వినపడదు. దగ్గరలోకి లోహం వస్తే దానిలో సుడి ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలకి ఒక చిన్న క్షేత్రం పుడుతుంది. ఆ తూకం చెడుతుంది, యంత్రం కూస్తుంది. లోహాన్ని బట్టి, దాని మందాన్ని బట్టి ఆ జవాబు కొంచెం ఆలస్యంగానో కొంచెం త్వరగానో వస్తుంది. ఆ ఆలస్యాన్నే అంకెగా మార్చి తెర మీద చూపిస్తుంది. అంతే. యంత్రానికి బంగారం తెలీదు. ఆలస్యం ఒక్కటే తెలుసు.

ఈ ముక్క అర్థం కాకపోవడం వల్లే ఆ నలుగురూ ఏడాది తిరిగారు. నేనొక పరీక్ష చేశాను. అమ్మ ఉంగరం ఒకటి, మా చెల్లెలి చిలకలపూడి దుద్దులు ఒక జత, ఒక సీసామూత, ఒక మేకు వేరువేరుగా నేల మీద పెట్టి పళ్ళెం తిప్పాను. మేకు విడిగా తెలిసిపోయింది, ఇనుము కూత వేరు. మిగతా మూడూ పక్కపక్క అంకెలే! చిలకలపూడి బంగారం మనుషుల్నే మోసం చేస్తుంటే యంత్రం ఎంత? "బంగారాన్ని మాత్రమే చూపించే మిషను" అని ఎవరైనా మీకు అమ్మజూపితే వాణ్ణి బందరు తీసుకొచ్చి రోల్డుగోల్డు వీధిలో నిలబెట్టండి.

లోతు సంగతీ అంతే. పది అడుగులు, ఇరవై అడుగులు అని చెప్పి అమ్ముతారు. చుట్ట నుంచి దూరం పోయేకొద్దీ దాని క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. లోహం నుంచి తిరిగొచ్చే జవాబూ అలాగే తగ్గుతుంది. రెండూ కలిస్తే ఆరో ఘాతం. అంటే పళ్ళెం వెడల్పు కన్నా బాగా దిగువన ఉన్న వస్తువు రెట్టింపు లోతుకి పోతే సంకేతం సగం కాదు, అరవై నాలుగో వంతు అవుతుంది. రూపాయి బిళ్ళంత వస్తువు జానెడు లోతులో వినపడితే అదృష్టం. బిందె అంత ఉంటే మూడు నాలుగు అడుగులు. ఈ లెక్క బీయస్సీ మొదటి ఏడు వాడు వేసి చూపించగలడు. వేసి చూపించకపోవడం మన తప్పు.

ఇక పొలంలో. మొదటి రోజు మంచు పడ్డ తెల్లవారుజామున వెళ్ళాను, ఎండకి ముందు పని అయిపోతుందని. పళ్ళెం నేల మీదికి దించగానే యంత్రం గోల గోల. అడుగడుక్కీ కూత. తవ్వితే మట్టి. గంటలో నలభై చోట్ల తవ్వి ఒక్క మేకు కూడా దొరక్క తిరిగొచ్చాను. మా ఊళ్ళో "యంత్రం భూతాన్ని చూసింది" అని ప్రచారమైపోయింది. ఆలోచిస్తే తేలింది, మాది చౌడు నేల. ఉప్పు, తడి కలిస్తే కరెంటు పారే పదార్థం. పొలం పొలమంతా ఒక పల్చని లోహపు రేకులాగా ఉంది యంత్రానికి. సముద్రం ఒడ్డున తడి ఇసుకలోనూ ఇదే తంటా. అందుకని మర్నాడు మిట్టమధ్యాహ్నం, మంచు పూర్తిగా ఆరాక వెళ్ళాను. గోల సగం తగ్గింది.

మిగతా సగం తగ్గించడానికి నేల తూకం అనేది ఉంది. లోహం లేని జాగా చూసుకుని, పళ్ళేన్ని బెత్తెడు ఎత్తు నుంచి నేల దాకా పైకీ కిందికీ ఆడిస్తూ, పైనా కిందా ఒకే శబ్దం వచ్చేదాకా మీట సర్దాలి. మన త్రాసులో ధడా కట్టినట్టన్నమాట. ఆ తరవాత సున్నితత్వం మీట. అందరూ దాన్ని చివరంటా తిప్పేస్తారు, ఎక్కువ పెడితే ఎక్కువ వినపడుతుందని. కాదు. పక్కవాళ్ళు కేకలేస్తుంటే చెవి ఒగ్గి ఏం లాభం? యంత్రం ఊరుకునే దాకా తగ్గించాలి. పళ్ళెం నుంచి వచ్చే వైరు కర్రకి బిగుతుగా చుట్టాలి. వదులుగా ఊగితే అదే కూస్తుంది. చేతి గడియారం, జేబులో ఫోను, చెప్పులకి మేకులు తీసెయ్యాలి. ఇవన్నీ నేను తప్పు చేసి నేర్చుకున్నవే. వైరు సంగతి తెలిసేదాకా ఒక పూట పోయింది.

పళ్ళేన్ని గడ్డి కోసేవాడి కొడవలిలా తిప్పకూడదు. కొడవలి చివర్లో పైకి లేస్తుంది. పళ్ళెం నేలకి సమంగా, రెండు వేళ్ళ ఎత్తున, అటూ ఇటూ నిదానంగా పోవాలి. ఒక తిప్పు మీద రెండో తిప్పు సగం ఎక్కాలి, లేకపోతే నడుమ వదిలేసిన జాగాలోనే వస్తువు ఉంటుంది. పొలాన్ని తాళ్ళు కట్టి నాట్లకి మునుం పట్టినట్టు పట్టీలుగా విడగొట్టాను. కూత వచ్చినచోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పితే రెండు గీతలూ కలిసే చోటు వస్తువు ఉన్న చోటు.

తొమ్మిది రోజులు. నాగలి కర్రు ముక్క, ట్రాక్టరు బోల్టులు, పురుగుమందు డబ్బాల మూతలు, గుట్కా పొట్లాల రేకు, రెండు పావలాలు, 1977కి ముందుదని నాన్న చెప్పిన ఒక ఎడ్ల బండి సీల. తొమ్మిదో రోజు గట్టుకి రెండు బారల దూరంలో, నెర్రెలో జానెడుకి కాస్త తక్కువ లోతున, గట్టిగా కాదు, తడబడుతున్నట్టు ఒక కూత. అటు నుంచి వచ్చింది, ఇటు నుంచి రాలేదు. ఇలాంటివి అప్పటికి వంద వదిలేసి ఉంటాను. ఎందుకో దీన్ని తవ్వాను. పుస్తె.

అమ్మకి ఇస్తే కళ్ళకద్దుకుని, "ఒరేయ్, ముందు అన్నం తిను" అంది.

ఇక్కడితో ఆగితే ఇది ఇంటి కబురు. కాని పుస్తె దొరికిందన్న సంగతి ఊరంతా పాకింది. ఆ రాత్రే ఇద్దరు పెద్దమనుషులొచ్చారు నాన్న దగ్గరికి. శివాలయం వెనక దిబ్బలో చూడమని, మా వాడికి యంత్రం వశమైందని, మూడు వాటాలని. నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోను. ఆయనకి అత్యాశ లేదు. కాని రెండున్నర లక్షల బాకీ ఉంది. "అక్కడేమీ ఉండదు నాన్నా, ఉన్నా మనది కాదు" అన్నాను. "ఉండదని ఎట్టా చెప్తావు?" అన్నాడు. నిజమే, ఉండదని సైన్సు చెప్పదు. ఉండొచ్చు కూడా. అక్కడే చిక్కు.

మన కృష్ణా డెల్టా నేల ఖాళీ నేల కాదు. ఘంటసాలని టాలెమీ చెప్పిన కంటకస్సిలగా పండితులు గుర్తించారు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద అలెగ్జాండర్ రే 1894లోనే పుస్తకం వేశాడు. గుడివాడ దిబ్బల్లో శాతవాహనుల సీసపు నాణేలు, పూసలు దొరికాయి. సీసపు నాణేలు! శాతవాహనులు చిల్లర సొమ్ము సీసంతో పోసుకున్నారు. వాటిలో కొన్నిటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. రెండువేల ఏళ్ళ కిందట మన తీరం నుంచి ఓడలు పోయాయనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ మాట మన హిస్టరీ లెక్చరరుగారు చెప్పినప్పుడు నాకు గుండె జారింది. కారణం ఉంది. మా అమ్మగారి ఊరు గుడివాడ పక్కన. మా తాతయ్య వయసులో ఉండగా ఊరి పాటిదిబ్బ నుంచి పాటిమన్ను బండ్లతో పొలానికి తోలేవాడు. పాటిమన్ను ఎరువుగా మంచిది కదా. అందులో అప్పుడప్పుడు బూడిదరంగు బిళ్ళలు వచ్చేవట. మెత్తగా, బరువుగా ఉండేవట. గోటితో గీస్తే గీత పడేదట. తాతయ్య వాటిని పోగుచేసి, దోసెడు అయ్యాక, చేపలు పట్టే ఒకాయనకి ఇచ్చేశాడు. ఆయన కరిగించి వలకి గుళ్ళు పోసుకున్నాడు. "బంగారం కాదుగా, సీసం!" అన్నాడు తాతయ్య నేను అడిగితే. ఏదన్నా బొమ్మ ఉందా తాతయ్యా అన్నాను. "ఏమో, ఏనుగులా ఉండేది ఒకదాని మీద. ఎవడు చూశాడు?" అన్నాడు.

అవి నాణేలే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఇక తేలదు. అవి గుడివాడ కాలవల్లో ఏ వలతోనో మునిగి ఎక్కడో బురదలో ఉన్నాయి. నా కోపం తాతయ్య మీద కాదు. తాతయ్య అప్పుడు వాటిని ఎవరికి చూపించాలి? చూపిస్తే ఏమొచ్చేది? అని వెదుకుతూ చట్టం చదివాను. ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం, 1878. ఇప్పటికీ అదే నడుస్తోంది. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు, పది రూపాయలకి మించినది దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి, దగ్గరి ట్రెజరీలో జమ చెయ్యాలి లేదా పూచీ ఇవ్వాలి. తెలపకపోతే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తెలిపితే, హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పావు, భూమి గలవాడికి పావు. వినడానికి బాగుంది. మా ఊళ్ళో ఈ ముప్పావు సంగతి ఒక్కడికి తెలిస్తే ఒట్టు. "చెబితే పొలం లాక్కుంటారు" అన్న ఒక్క మాటే అందరికీ తెలుసు.

చట్టంలో ఇంకో ముక్క ఉంది. సర్కారు ఆ వస్తువుని తీసుకోవాలనుకుంటే, ఆ లోహం ఖరీదు, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. బంగారానికి ఇది ఫరవాలేదు. సీసానికి? పది గ్రాముల సీసపు నాణెం ఖరీదు ఎంత? రెండు మూడు రూపాయలు. దాని మీద అయిదో వంతు. అంటే శాతవాహనుల ఓడని పట్టుకెళ్ళి ఇచ్చిన రైతుకి టీ నీళ్ళ డబ్బులు కూడా రావు. లోహం ధర చొప్పున లెక్కేస్తే ఒక్క నాణెం ఆ పది రూపాయల గీత కూడా దాటదు! బంగారం మాత్రమే నిధి అనుకునేది మా ఊరి పెద్దమనుషులే అనుకున్నాను. ఆ చట్టం రాసిన దొరలూ అలాగే అనుకున్నారు.

ఆ దొరల దేశం తరవాత మారింది. 1996లో కొత్త చట్టం చేసుకున్నారు. నిధి అని తేలి మ్యూజియం తీసుకుంటే బజారు ధర చెల్లిస్తారు, దొరికినవాడికీ పొలం గలవాడికీ. 1997 నుంచి ఇంకో పని మొదలుపెట్టారు. నిధి కానివి, అంటే చిల్లర నాణేలు, గుండీలు, బిళ్ళలు ఎవరికి దొరికినా తెచ్చి చూపిస్తే, ఏ పొలంలో ఎక్కడ దొరికిందో రాసుకుని వస్తువు తిరిగి ఇచ్చేస్తారు. అలా పది లక్షలకి పైగా వస్తువులు నమోదయ్యాయి. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒకతను డిటెక్టరుతో ఒక పొలంలో బంగారు నిక్షేపం కనిపెట్టి కబురు చేస్తే ముప్పై రెండు లక్షల పౌండ్లకి పైగా ఖరీదు కట్టి, అతనికీ రైతుకీ చెరిసగం పంచారు. అక్కడా రాత్రిపూట దొంగ తవ్వకాలున్నాయి, లేవని కాదు. కాని నిజాయితీగా ఉన్నవాడికి ఒక దారి ఉంది. మన దగ్గర దొంగకీ దారి లేదు, దొరకీ దారి లేదు. అందుకే వస్తువు కంసాలి కుంపట్లోకో, వల గుళ్ళలోకో పోతోంది.

దీనికి పురావస్తు శాస్త్రజ్ఞుల అభ్యంతరం ఒకటి ఉంది. అది న్యాయమైనది. వస్తువు కన్నా అది ఏ పొరలో, దేని పక్కన ఉందన్నదే వాళ్ళకి ముఖ్యం. పీకేస్తే ఆ కథ పోతుంది. పుస్తకంలోంచి ఒక పుట చింపి ఎంత భద్రంగా దాచుకున్నా అది ఏ కథలోదో తెలీనట్టే. ఒప్పుకుంటాను. అయితే దుక్కి లోతున ఉన్న మట్టిని నాగలి, ఇప్పుడైతే రోటావేటరు, ఏటా తిరగేస్తూనే ఉంది. అక్కడ పొరలు లేవు. దుక్కి లోతున దొరికినది తీసి చూపిస్తే నష్టం లేదు, లాభమే. దాని కిందకి మాత్రం గునపం దిగకూడదు. రక్షిత కట్టడాల జోలికి, వాటి చుట్టుపక్కలకి అసలే పోకూడదు. అది నేరం.

అమావాస్య తవ్వకాల సంగతి వేరే చెప్పాలా? నందుల పొట్టలు పగులగొట్టడం, ధ్వజస్తంభాల మొదళ్ళు తవ్వడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. రాతినందిలో సుడి ప్రవాహాలు పుట్టవని వాళ్ళకి చెప్పే బాధ్యత ఎవరిది? పోలీసులదేనా?

నేను చూసిన వాటిలో లంకెబిందెల కన్నా పెద్ద ఉపయోగాలు ఈ యంత్రానికి ఉన్నాయి. మా పక్కింటి పాడిగేదె రెండు నెలలు మేత మాని చిక్కి చనిపోతే, కోసి చూసినప్పుడు పొట్టలో ఇనుపతీగ గుండె వైపు గుచ్చుకుని ఉంది. గడ్డివామిలో కంచె తీగ ముక్క కలిసింది. పశువైద్యులు పొట్ట కింద డిటెక్టరు పెట్టి ఇనుముందా అని చూస్తారు. కూత వచ్చినంత మాత్రాన జబ్బని కాదు, బాగున్న పశువుల పొట్టల్లోనూ మేకులుంటాయి. కాని మేత మానిన గేదెకి కూత వస్తే ఆలస్యం చెయ్యకూడదని తెలుస్తుంది. అంతకన్నా ముందు గడ్డివామినే ఒకసారి తడిమితే? వేసవిలో మా రెండు వాములూ తడిమాను. ఒకదాన్లో మూరెడు తీగ దొరికింది. నా లెక్కలో అది లంకెబిందె. గేదె ఖరీదు మా ఊళ్ళో తక్కువా?

దీని పుట్టుక కూడా ప్రాణం కాపాడటం కోసమే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డుకి తుపాకి దెబ్బ తగిలితే ఒంట్లో గుండు ఎక్కడుందో వెతకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ తీగచుట్టల తూకంతో ఒక పరికరం చేసి తెచ్చాడు. దొరకలేదు. పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉండటం ఒక కారణం. డాక్టరు గుండు కుడి వైపు ఉందని నమ్మి అటే వెతకనివ్వడం ఇంకో కారణం. గుండు ఎడమ వైపు ఉంది. యంత్రం మంచిదే, పెద్దమనిషి ముందే తీర్మానించాడు. తరవాత రెండో ప్రపంచ యుద్ధంలో పోలండు ఇంజనీరు కొసాకీ రూపొందించిన శోధినితో 1942లో ఎల్ అలమైన్ ఎడారిలో మందుపాతరలు ఏరారు.

నాయనమ్మ సంగతి రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. పుస్తె దొరికిన మూడో రోజు ఆమె నన్ను పిలిచి, "మా అమ్మ ఇత్తడి బిందె దొరుకుద్దంటావా?" అంది. ఆమె పుట్టిల్లు నాగాయలంక దిగువన సొర్లగొంది పక్క. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆ ఇల్లు పోయింది. పదివేలమంది దాకా పోయిన రోజది. కెరటం తాటిచెట్టు ఎత్తంటుంది నాయనమ్మ, పుస్తకాల్లో అయిదు మీటర్లని ఉంది. అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు. తల్లీ తమ్ముడూ దొరకలేదు. బస్సు మారి ఆమెని తీసుకెళ్ళాను. ఇల్లున్న చోటు చాలాసేపు చెప్పలేకపోయింది. అంతా రొయ్యల చెరువులు. చివరికి ఒక చెరువు గట్టు చూపించి ఇక్కడే అంది. చెరువు ఆసామిని అడిగి గట్టు మీద రెండు గంటలు తిప్పాను. తడి ఉప్పుమట్టి, యంత్రం ఏడుస్తూనే ఉంది. సున్నితత్వం అడుగంటా తగ్గించి పట్టుదలగా తిప్పితే ఒక తలుపు గడియ, రెండు మేకులు. ప్రొక్లెయిను తిరగేసిన మట్టి అది. ఎవరింటి గడియో ఎవరు చెప్పగలరు? నాయనమ్మ దాన్ని కొంగున కట్టుకుంది. ఎవరిదైతే ఏంలేరా అంది.

ఆ గడియ ఏ చట్టం లెక్కలోనూ నిధి కాదు. దానికి ధర లేదు. కాని ఆ తీరంలో చెరువులు తవ్వేటప్పుడు ఇలాంటివి ఎన్ని పైకొచ్చాయో, ఎన్ని పాత ఇనుప సామాన్ల తూకంలోకి పోయాయో! ఉప్పెన నాటి వస్తువులు నాలుగు ఒకచోట పెట్టి చూపించాలని కూడా మనకి తోచలేదు.

అందుచేత మన కాలేజీకి నా విన్నపం. ఫిజిక్సు డిపార్టుమెంటు ఒక మంచి లోహశోధిని కొనాలి. కొనలేకపోతే చేద్దాం. రెండు ఆసిలేటర్లు, ఒక తీగచుట్ట, ఒక పాత ట్రాన్సిస్టరు రేడియో ఉంటే జానెడు కాకపోయినా బెత్తెడు లోతు వినే పరికరం మన లాబులోనే తయారవుతుంది. ప్రాక్టికల్ రికార్డులో ఏటా అవే పటాలు గీసే బదులు అదొక ప్రయోగంగా పెట్టొచ్చు. దాన్ని హిస్టరీ డిపార్టుమెంటుతో కలిసి నడపాలి. ఎవరికి ఇచ్చారు, ఏ పొలం, ఏం దొరికింది, ఎంత లోతు అన్నీ ఒక రిజిస్టర్లో రాయాలి. పొలం గలవాడి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పాత వస్తువు అనిపిస్తే తవ్వడం ఆపి గుర్తు పెట్టి కబురు చెయ్యాలి. పుస్తె పోగొట్టుకున్న ఇంటికీ, మేత మానిన గేదెకీ వెంటనే పంపాలి, డబ్బు తీసుకోకుండా.

"కుర్రాళ్ళ చేతికిస్తే వాళ్ళే లంకెబిందెలకి పోతారు" అని మన స్టాఫులోనే ఒకరన్నారు. పోవచ్చు. ఆరో ఘాతం లెక్క వేసినవాడు మాత్రం ఒక్క అమావాస్యకి మించి పోడని నా నమ్మకం. పైగా యంత్రాలు ఎలాగూ ఊళ్ళల్లోకి వచ్చేశాయి. అటకల మీద కుంకం పూసుకుని ఉన్నాయి. తెలిసినవాడి చేతిలో ఒకటి ఉండటం మంచిదా, తెలియనివాళ్ళ చేతుల్లోనే అన్నీ ఉండటం మంచిదా?

యూనియను తరఫున ఇంకో పని చెయ్యొచ్చు. చట్టంలో రైతుకి ఎంత వస్తుందో, పొలం ఎందుకు పోదో ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి దివిసీమ, గుడివాడ, బందరు ఊళ్ళల్లో పంచిపెట్టడం. దానితోపాటు లోహం ధర కాకుండా వస్తువు ధర ఇచ్చేలా ఆ పాత నిబంధన మార్చమని ఒక అర్జీ. పూర్వ విద్యార్థుల్లో ప్లీడర్లున్నారు, ఎమ్మార్వో ఆఫీసుల్లో పనిచేసేవారున్నారు. వారికి ఈ వ్యాసం చేరితే అర్జీ ముసాయిదా రాసిపెట్టమని నా మనవి. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం.

యంత్రం తిరిగి ఇచ్చేశాను. వాటా అడిగితే బోల్టులు చూపించాను. శివాలయం దిబ్బ దగ్గరికి నేను పోలేదు. పెద్దమనుషులు ఇంకా అలిగే ఉన్నారు. నాన్న దాని మీద మళ్ళీ మాట్లాడలేదు. కాని ఈ సార్వాకి దమ్ము చేయించేటప్పుడు ట్రాక్టరు మీద ఒక పాత డాల్డా డబ్బా కట్టించాడు, ఏదన్నా పైకొస్తే అందులో వెయ్యమని డ్రైవరుకి చెప్పి. మొన్న ఇంటికెళ్ళినప్పుడు చూశాను. మూడు మేకులు, ఒక బేరింగు, ఒక పది పైసల బిళ్ళ, పగిలిన ఒక గాజుపూస ఉన్నాయి. పూస లోహం కాదు కదా నాన్నా అన్నాను. "పాతదేమోనని వేశాడు" అన్నాడు.